పదకొండు తొలిచూలు పడ్డలు

196వ రోజు

ఈ పుస్తకంలో రోజుల లెక్క మా పడ్డలది, తొలిసారి ఈనబోయే ఆవులది. వాటికి చూలు నిలిచిన నాటి నుంచి ఇది నూట తొంభై ఆరో రోజు. పదకొండింటికీ ఒకే వారంలో విత్తనం వేశారు కాబట్టి అన్నింటికీ ఒకటే లెక్క సరిపోతుంది. రెండు వందల ఎనభై దగ్గర పడేసరికి ఈనడం మొదలవుతుంది.

మందను మేపే ప్రతి ఇంట్లో ఒకరు చేత్తో పుస్తకం రాయాలని మా మడుగులో కట్టుబాటు. మేత అంకె చూపే స్తంభాలలో దాచిన లెక్కలన్నీ ఒక్క పిడుగుకు చెరిగిపోయిన ఏడు నుంచి అది వచ్చింది. మా ఇంట్లో రాత వచ్చింది నాకొక్కదానికే. ఐదో తరగతి దాకా చదివాను. అత్త సుంకులమ్మకు అక్షరం రాదు. నా మొగుడు మద్దిలేటి స్తంభం మీద మెరిసే అంకెలు పోల్చుకోగలడు గాని చేతిరాత చదవలేడు. ఎవరూ చదవరు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మడుగు అంటారు గాని ఇక్కడ నీళ్ళు లేవు. ఒకప్పుడు ఆనకట్ట వెనక నిండుగా ఉండేవట. ఇప్పుడు ఒండ్రు మిగిలింది, ఒండ్రు మీద గడ్డి. కట్ట మీద ఉండేవాళ్ళు మాకు గొట్టంలో నీళ్ళు వదులుతారు. మేము వాళ్ళకు మాంసపు దూడలు పెంచి పంపుతాం. మద్దిలేటి ఆ గొట్టం పనిలో ఉంటాడు. తెల్లవారక ముందే పోయి చీకటి పడ్డాక వస్తాడు.

పడ్డలు పొట్టి జాతి. నిలబడితే వెన్ను నా నడుముకు వస్తుంది. ఈ ఎండలకు తట్టుకున్న జాతి ఇదొక్కటే. వాటికి వేసింది మాత్రం పెద్ద ఎముక విత్తనం, కట్ట మీద గడ్డకట్టించి దాచినది. దూడ పెద్దదిగా ఎదగాలని. అందుకే ఆరో నెల దాటాక పడ్డలకు ముదురు గడ్డే ఎక్కువ. లేత గడ్డిలోకి రోజుకు ఎన్ని అడుగులు వదలాలో స్తంభం అంకె చూపిస్తుంది. ఆ అడుగులు దాటకుండా గీత ఉంటుంది. గీత కంటికి కనిపించదు. దాని దగ్గరికి రాగానే పడ్డ మెడలోని కంఠి జుమ్మంటుంది, దాటితే చురుక్కుమంటుంది.

అంకె చూపించేది స్తంభమైనా చక్రం తిప్పి గీత జరిపేది మనిషే. ఇదివరకు స్తంభమే తిప్పుకునేదట. దాని తప్పుకు ఒక మంద మొత్తం పోయాక మనిషి చేతికి ఇచ్చారు. ఎవరి ముంజేతి బిళ్ళ ఆనిస్తే వాళ్ళు తిప్పినట్టు. మా మడికి బిళ్ళ మంద కాసే ఖాజావలి తాతది.

తాతకు చూపు పోయి ఏడాది అయింది. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. మడి దారులన్నీ ఆయన కాళ్ళకు తెలుసు, కర్ర పట్టుకుని మంద వెంట నడుస్తుంటే ఎవరూ కనిపెట్టరు. చూపు లేనివాళ్ళ దగ్గర బిళ్ళ ఉంచరు. బిళ్ళ లేని ముసలివాళ్ళను ఎండగట్టుకు పంపుతారు. అక్కడ ఎండను పట్టే పలకలు తుడవాలి. నీడ ఉండదు. పోయినవాళ్ళలో రెండో వేసవి చూసినవాళ్ళు లేరు. అందుకే పొద్దున్నే ఆయన ముంజేయి స్తంభానికి ఆనిస్తాడు, నేను అంకె చదివి చక్రం తిప్పుతాను.

"ఎంత చూపిస్తాంది పాపా?"

"ఆరు, తాతా."

"తిప్పు. ఆరంటే ఆరే. కడుపులో దూడ ఎదిగే నెలలివి. ఇప్పుడు బాగా మేపితే పడ్డ ముద్దుగానే ఉంటాది. ఆ ముద్దు ఈనేటప్పుడు తెలుస్తాది."

ఆయనకు నా ముఖం కనిపించదు. అందుకేనేమో ఆయన దగ్గర నాకు మాట వస్తుంది.

204వ రోజు

ఈ రోజు ఒడిమేత. తొలిచూలు పడ్డలకు ఏడో నెలలో మడుగు ఆడవాళ్ళు చేసే పేరంటం. కొమ్ములకు పసుపు పూసి, ఒడిలో లేత గడ్డి పోసుకుని వచ్చి, ఒక్కొక్క పడ్డకు ఒక్కొక్క గుప్పెడు పెడతాం. అంతకు మించి పెట్టకూడదు.

అత్త అందరికంటే ముందు నడిచింది. ఎర్ర పడ్డ గోరంట తల వంచుకుని నిలబడితే గడ్డం పట్టుకుంది.

"ఏమ్మే, సిగ్గా? అచ్చం మా కోడలి మాదిరి ఉండావే. ఎత్తు మూతి. నిన్నేం కాటికి తీసుకపోతామా, గడ్డి పెడతాండాం."

ఆడవాళ్ళంతా నవ్వారు. నేను తల ఇంకా వంచుకున్నాను.

గోరంట నా గుప్పెడు తిన్నాక నా ఒడి వాసన చూసింది. ఒడిలో ఏమీ లేదు. అయినా అందులోనే మూతి పెట్టి అలాగే నిలబడింది. దాని ఊపిరి వెచ్చగా నా పొట్టకు తగిలింది.

"ఆశపడిన చూలాలిని ఉత్తిగా పంపితే పాపం తగులుతాది," అని అత్త గొణిగింది. "ఏం చేసేది మరి? కట్టోళ్ళ పట్టీలో గుప్పెడే అంట."

పట్టీ సంగతి నాకు తెలుసు. పోయిన వేసవి నీళ్ళ కోతలో చూలాళ్ళకు కూడా పట్టీ ప్రకారమే తిండి ఇచ్చారు. రోజుకు ఒకటిన్నర రొట్టె, రెండు చెంబుల నీళ్ళు. నాకు నాలుగో నెలలో పోయింది. కట్ట నుంచి ఒకామె వచ్చి చూసి, పట్టీ సరిగ్గానే ఉంది, లోపం నీ ఒంట్లోనే ఉందని చెప్పి వెళ్ళింది. నేను ఆమెకు కూడా తల ఊపాను.

205వ రోజు

స్తంభం ఆరు చూపించింది. గోరంట గీత అంచున నిలబడి లేత మడి వైపు చూస్తోంది. కంఠి జుమ్మంటున్నా కదలలేదు.

"ఎంత పాపా?" అన్నాడు తాత.

"ఆరు," అన్నాను. పది తిప్పాను.

పడ్డలన్నీ ఒక్కసారిగా ముందుకు నడిచాయి. అవి గడ్డి కొరికే చప్పుడు విని తాత, "మా ఆకలి మీదుండాయే," అని నవ్వాడు.

219వ రోజు

ఇప్పుడు పద్నాలుగు తిప్పుతున్నాను. తాతకు మాత్రం స్తంభం మీది అంకే చెబుతున్నాను. రెండు వారాల్లో పడ్డల వెంట్రుక నున్నబడింది. కళ్ళలో తడి వచ్చింది. వాటిని చూస్తే ఎవరికైనా కడుపు నిండుతుంది.

పదిహేను రోజులకు ఒకసారి తాత వాటిని తడిమి చూస్తాడు. నాకూ నేర్పాడు. పిడికిలి బిగించి కణుపుల మీద వేలు జరిపితే ఎలా ఉంటుందో పక్కటెముకలు అలా తగిలితే బక్క. అరచేతిని తడిమినట్టు మెత్తగా ఉంటే బలుపు. చెయ్యి చాచి ఆ చేతి వెనక వైపు తడిమినప్పుడు ఎముక ఉందని తెలుస్తూ పొడుచుకు రాకుండా ఉంటుందే, చూడి పడ్డ అలా ఉండాలి.

ఈ రోజు గోరంట పక్కటెముకల మీద చాలాసేపు చేతులు ఆడించాడు. మళ్ళీ మొదటి నుంచి తడిమాడు. ఇంకో పడ్డ దగ్గరికి పోయి వచ్చాడు.

"పాపా, దీని పక్కటెముకలు నీకు కనపడతాండాయా?"

చెబితే రేపటి నుంచి ఆరే. గోరంట నా వైపు తిరిగి నెమరు వేస్తోంది.

"కనపడతాండాయి తాతా."

"లెక్క పెట్టేటట్టు ఉండాయా?"

"వెనక మూడు లెక్క పెట్టొచ్చు."

ఆయన తన చేతులు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. "నాకు దొరకడం లేదు. అరచెయ్యి తడిమినట్టుండాది. కండ్లు పోయినంక చేతులుండాయిలే అనుకుంటిని. ఇవి కూడా మొద్దుబారినట్టుండాయి."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. తాత చెంబు అందుకోబోతే అది పక్కకు దొర్లింది. నేను తీసి ఇచ్చాను. మాట వెళ్ళిపోయింది.

233వ రోజు

పద్దెనిమిది అడుగులు.

పొద్దున మేత అయ్యాక తాత ఉప్పు వేసిన వేడినీళ్ళలో చేతులు పెట్టుకుని కూర్చుంటున్నాడు. అలా చేస్తే నరాలకు స్పర్శ వస్తుందని ఎవరో చెప్పారట. ఎండ ముదరక ముందే మా పొయ్యి మీద నీళ్ళు కాచి తీసుకుపోతున్నాను. వేళ్ళు ఎర్రబడే దాకా ఉంచి, తీసి, గోనెపట్టా పోగులు తడిమి లెక్కపెడతాడు.

"పట్టా పోగు తెలుస్తాంది. పడ్డ ఎముక తెలీడం లేదు. ఇదేం రోగమో."

"వయసు కదా తాతా," అన్నాను.

ఆ మాట ఎందుకు అన్నానో తెలియదు. అన్నాక ఆయన చేతుల వైపు చూడలేకపోయాను.

251వ రోజు

గొట్టం పనికి సెలవని మద్దిలేటి మడికి వచ్చాడు. పడ్డలను చూసి ఈల వేశాడు.

"ఏమే ఇవి, పెండ్లికూతుండ్ల మాదిరి నిగనిగ అంటాండాయి. పక్క మడి పడ్డలు ఎండుపుల్లలే. మన ముసలాయన మంత్రం ఏమన్నా వేసినాడా?"

నేను నవ్వాను. ఆయనకు చెప్పాలని నోటి దాకా వచ్చింది. మొగుడే కదా, ఏమంటాడు? కాని తాత చూపు సంగతి చెప్పకుండా ఇది చెప్పడానికి లేదు. ఒకటి బయట పడితే రెండోదీ పడుతుంది.

పక్క మడి పడ్డల ముఖం మీద చర్మం ఎముకకు అంటుకుని ఉంది. వాటిని చూసి నేను చేసింది మంచిదే అనుకున్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా లేదు. ఇప్పుడు నా మనసులో ఉన్నది అదే.

271వ రోజు

పొద్దు పొడిచిన వేళకు గోరంట నొప్పులు పడసాగింది. పది రోజుల ముందే. నీడవల కింద పడుకుంది, లేచింది, మళ్ళీ పడుకుంది. ఉమ్మనీటి సంచి పగిలాక రెండు గిట్టలు కనిపించాయి. గిట్టలను చూసి అత్త వెనక్కి అడుగు వేసింది.

"ఇవేం గిట్టలమ్మా. ఏడాది దూడవి మాదిరి ఉండాయి."

తాత నూనె రాసుకుని చెయ్యి లోపలికి పెట్టాడు. మోచేయి దాకా కూడా పోలేదు. ఆయన ముఖం నేలకు తిరిగి ఉంది.

"తలకాయ వచ్చి ఇరుక్కున్నాది. దారి లేదు. చుట్టూ కొవ్వు మాదిరి తగులుతాంది." చెయ్యి బయటికి తీసి, "కొవ్వు యాడిది, ఆరు అడుగుల మేతకు? నా చేతికి అట్ల తోస్తాందేమో. అక్కా, నువ్వు పెట్టి చూడు," అన్నాడు.

అత్త పెట్టలేదు. నేనూ పెట్టలేదు.

గిట్టలకు పగ్గం వేసి ముగ్గురం లాగాం. పడ్డ నొప్పి తీసినప్పుడల్లా లాగి, అది ఆగినప్పుడల్లా ఆగాం. ఎండ నడినెత్తికి వచ్చింది. వల కింద కూడా నేల కాలుతోంది. తల బయటికి వచ్చి భుజాల దగ్గర నిలిచిపోయింది. దూడ నాలుక నీలంగా వేలాడింది. దాని కళ్ళు తెరిచే ఉన్నాయి, గోరంట కళ్ళలాగే పెద్దవి.

దూడ ముందు పోయింది. గోరంట ఇంకో గంట ఉంది. అరవలేదు. నా ఒడి దగ్గరికి తల జరుపుకుని అక్కడే ఆపేసింది.

సాయంత్రం కట్టవాళ్ళ బండి వచ్చి రెండింటినీ కలిపే తీసుకుపోయింది. దూడను విడదీయడానికి వీలు కాలేదు. గోరంట కంఠి విప్పి తాత తన గుడిసెలో మేకుకు తగిలించుకున్నాడు.

272వ రోజు

స్తంభం ఆరు చూపించింది. రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. ఇంకా పది ఉన్నాయి. ఒంట్లో కొవ్వు తీసేస్తే దారి వస్తుంది.

చక్రం సున్నాకు తిప్పాను. ముదురు మడిలో కూడా సగం మూసేశాను.

"ఎంత పాపా?"

"ఆరు తాతా."

పడ్డలు గీత దగ్గరికి వచ్చి నిలబడి అరిచాయి. తాత చెవి అటు పెట్టి విన్నాడు. "నిన్నటి చావు వాసన పట్టినాయి," అన్నాడు.

276వ రోజు

నిన్న రెండు పడ్డలు పడుకుని లేవలేదు. మెడ వెనక్కి తిప్పి డొక్కకు ఆనించుకున్నాయి. మూతి దగ్గర కుళ్ళిన పండు వాసన. తాత వాటి మూతి వాసన చూశాడు.

"ఇది బలిసిన దానికి ఒక్కసారిగా మేత ఆపితే వచ్చే రోగం. ఒంట్లో కొవ్వు కరిగి విషమైతాది. మన పడ్డలు బక్కవి కదా. వీటికెట్ల వస్తాది?"

ఆ ప్రశ్న ఆయన నన్ను అడగలేదు. ఎవరినీ అడగలేదు.

నేను పరుగున పోయి చక్రం మళ్ళీ తిప్పాలనుకున్నాను. పొద్దున ఒక్కసారి తప్ప ఆయన బిళ్ళ ఆనించడు, అది లేకుండా చక్రం తిరగదు. ఏ వంకతో అడగను? బెల్లం నీళ్ళు కలిపి తెచ్చి రెండింటికీ గొట్టంతో పోశాం. సాయంత్రానికి ఒకటి, ఈ పొద్దున ఇంకొకటి పోయాయి. దూడలు కడుపులోనే ఉన్నాయి. చచ్చాక కూడా కాసేపు ఒకదాని డొక్క కదిలింది. తాత దాని మీద చెయ్యి పెట్టి, కదలిక ఆగే దాకా తీయలేదు.

278వ రోజు

నాలుగు ఈనాయి. రెండు పడ్డలు దూడలతో సహా పోయాయి. రెండు పడ్డలు బతికి, దూడలు పోయాయి. బతికిన రెంటిలో ఒకటి చచ్చిన దూడను నాకుతూ ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు.

చెప్పాలంటే ఇప్పుడు ఎక్కడి నుంచి మొదలు పెట్టాలో తెలియడం లేదు. అత్త నన్ను చూసి, "తిండి మానుకుంటే అవి లేస్తాయా?" అని నా ముందు సంకటి పెట్టింది. తిన్నాను.

281వ రోజు

కట్ట నుంచి విచారణకు గిడ్డయ్య సారు దిగి వచ్చాడు. చల్లబడే వేళకు స్తంభం దగ్గర అందరినీ పిలిచారు. మడుగులో పనికి పోనివాళ్ళంతా వచ్చారు. మద్దిలేటి కూడా వచ్చాడు.

సారు పెద్దగా కోపం చేయని మనిషి. స్తంభం తెరిచి లోపలి లెక్క చదివాడు. రెండు వందల ఐదో రోజు, చూపింది ఆరు, తిప్పింది పది. రెండు వందల పందొమ్మిది, చూపింది ఆరు, తిప్పింది పద్నాలుగు. రెండు వందల ముప్పై మూడు, పద్దెనిమిది. రెండు వందల డెబ్బై రెండు, సున్నా. అన్నింటికీ బిళ్ళ ఒకటే.

తాత మొదటి అంకె వినగానే కర్ర మీద చేతులు బిగించాడు. తరవాత నేను నిలబడిన వైపు ముఖం తిప్పాడు. నేనెక్కడ ఉన్నానో నా ఊపిరిని బట్టి ఆయనకు తెలుసు.

"ఎందుకు తిప్పినావు ముసలాయనా?" అన్నాడు సారు.

"నేను తిప్పింది ఆరే సారూ."

"బిళ్ళ నీదే కదా?"

"నాదే."

"మరి?"

తాత ముఖం నా వైపే ఉంది. అడగలేదు, బతిమాలలేదు. కాచుకుని ఉన్నాడు.

సారు మూడుసార్లు అడిగాడు. మూడోసారి, "అయితే ఎండగట్టుకు రాసుకుంటాండా," అన్నాడు.

ఈ పుస్తకం నా కొంగు కింద ఉంది. నడిచి వెళ్ళి పుస్తకం సారు చేతిలో పెట్టాను. చదువుకుంటాడు, నేను మాట్లాడే పని ఉండదు అనుకున్నాను. ఆయన పేజీలు తిప్పి, తలకిందులు చేసి చూసి, తిరిగి నాకే ఇచ్చాడు.

"చేతిరాత చదివేది మాకు నేర్పలేదమ్మా. నువ్వే చదువు. అందరికీ వినపడేటట్టు."

అరవై మంది ఉన్నారు. మామ వరసవాళ్ళు, బావ వరసవాళ్ళు, నేనెప్పుడూ తలెత్తి చూడనివాళ్ళు. నూట తొంభై ఆరో రోజు నుంచి చదివాను. నాలుగో నెలలో పోయిన సంగతి కూడా చదివాను, మధ్యలో ఆపడం చేతకాక. చదువుతున్నంతసేపూ అక్షరాల మీద నుంచి కన్ను తీయలేదు. తాత చూపు పోయిన మాట దగ్గరికి వచ్చినప్పుడు జనంలో గొణుగుడు లేచింది. నేను ఏం చేస్తున్నానో అప్పుడు తెలిసింది. అప్పటికే చదివేశాను.

చివరి దాకా అయ్యాక తాత అడిగాడు.

"రెండు వందల పందొమ్మిదో నాటిది మళ్ళీ చదువు."

చదివాను. కనపడతాండాయి తాతా. వెనక మూడు లెక్క పెట్టొచ్చు.

"అయితే దాని పక్కటెముకల మీద నాకు దొరికింది కొవ్వే."

"కొవ్వే తాతా."

"నెలన్నర నాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుంటి ఈ చేతులు. ఆ నీళ్ళు కాచింది ఎవరు?"

"నేనే."

ఆయన తల తిప్పేసుకున్నాడు.

అత్త ముందుకు వచ్చి నా చెయ్యి పట్టి లాగింది. "నోట్లో మాట లేని పిల్ల అని మోసుకుంటి. మాట ఉంటే ఈ పొద్దా వచ్చేది? మొన్న వచ్చింటే ఐదు పడ్డలు నిలుచును. ఈ పొద్దు రాకుంటే ముసలాయన కండ్లన్నా దాగి ఉండును." తరవాత సారు వైపు తిరిగి, "దీన్ని కొట్టేది తిట్టేది ఉంటే నేను చూసుకుంటా, మీరు వద్దు," అంది. మద్దిలేటి ఇంటికి వెళ్ళేటప్పుడు నా కంటే పది అడుగుల ముందు నడిచాడు.

తీర్పు ఇది. చూపు దాచినందుకు తాత ఎండగట్టుకు పోవాలి. అయితే ఈనాల్సినవి ఇంకా నాలుగున్నాయి, వాటిని ఈనించే చేతులు మడుగులో ఇంకెవరికీ లేవు. అవి ఈనే దాకా ఆయన ఇక్కడే ఉంటాడు. నాకు ఈ జన్మలో బిళ్ళ ఇవ్వరు. ఎండగట్టుకు మాత్రం పంపడం లేదు. "వయసులో ఉన్నది, ఇంకా కనాల్సింది," అన్నాడు సారు, పడ్డల గురించి మాట్లాడిన గొంతుతోనే.

282వ రోజు

పొద్దున స్తంభం దగ్గరికి తాత నాకంటే ముందే వచ్చాడు. నాలుగు పడ్డలనూ తడిమాడు.

"స్తంభం లెక్క పనికిరాదు. ఇప్పుడు వీటికి మేత తగ్గించినా చస్తాయి, వదిలినా చస్తాయి. తొమ్మిది తిప్పు. ముదురు మడి అంతా తెరువు."

తొమ్మిది తిప్పాను. "తొమ్మిది, తాతా," అన్నాను.

ఆయన సంచిలో నుంచి గోరంట కంఠి తీశాడు. తన మెడకు పెట్టుకుని బిగించుకున్నాడు. కర్ర నాకివ్వకుండా స్తంభానికి ఆనించి, చేతులు ముందుకు చాచి, లేత మడిలోకి నడిచాడు. ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెడుతూ. పడ్డలు తలలెత్తి చూశాయి. దారిన పోయే ఆడవాళ్ళు కూడా నిలబడి చూశారు. ఎవరూ నవ్వలేదు. తొమ్మిదో అడుగుకు ఆయన మెడలో కంఠి జుమ్మంది. పొట్టి జాతి మెడకు చేసింది, ఆయన గొంతుకు బిగుతు. ఆగాడు. వెనక్కి తిరిగి వచ్చి కంఠి విప్పి సంచిలో పెట్టుకున్నాడు.

"తొమ్మిదే," అన్నాడు, నాతో కాదు.

286వ రోజు

ఒకటి ఈనింది. దూడ పెద్దదే. ఈసారి తాత నొప్పులు మొదలైన క్షణం నుంచి పడ్డను లేపి నడిపించాడు, పడుకోనివ్వలేదు. తల కొంచెం పక్కకు తిప్పి, ఒక భుజం ముందు, ఒక భుజం తరవాత తీశాడు. నన్ను పగ్గం పట్టుకోమన్నాడు. "లాగు." "ఆపు." ఈ రెండు మాటలే. తల్లీ పిల్లా లేచి నిలబడ్డాయి. జున్నుపాలు దూడ నోట్లోకి పిండుతూ నేను ఏడ్చాను. ఆయనకు వినిపించే ఉంటుంది.

రోజూ పొద్దున అంకె చెబుతున్నాను. రోజూ ఆయన కంఠి పెట్టుకుని నడుస్తున్నాడు. ఎనిమిది అంటే ఎనిమిదికి జుమ్మంటోంది. తొమ్మిదంటే తొమ్మిదికి. మెడ చుట్టూ ఎర్రటి గాటు పడింది. నెయ్యి తెచ్చి ఇస్తే పక్కన పెట్టాడు. మరునాడు కూడా అది అక్కడే ఉంది, చీమలు పట్టి.

291వ రోజు

ఆఖరిది ఈ రోజు మధ్యాహ్నం ఈనింది. నాలుగింటిలో మూడు దూడలు నిలిచాయి, పడ్డలు నాలుగూ బతికాయి. ఆఖరి దూడను లేపినప్పుడు తాత మోకాళ్ళ మీద నిలబడి దాని తల్లి పక్కటెముకల మీద చెయ్యి వేసి తనకు తానే ఏదో చెప్పుకున్నాడు. నాకు వినిపించలేదు.

పొద్దున మాత్రం ఒక మాట అడిగాను. "తాతా, పది రోజుల నుంచి నేను చెప్పింది ఒక్కటన్నా తప్పిందా?"

"తప్పలేదు," అన్నాడు. కంఠి బిగించుకుని నడిచాడు.

292వ రోజు

ఎండగట్టు బండి పొద్దెక్కక ముందే వచ్చింది. అత్త ఆయనకు నాలుగు రొట్టెలు, ఉల్లిగడ్డలు కట్టి ఇచ్చింది. "చిన్నప్పటి నుంచి చూస్తాండా నిన్ను ఖాజావలీ, ఒక్కనాడు కూడా ఊరికే కూర్చోలేదు. ఆడన్నా కూర్చో," అంది. ఆయన నవ్వి, "కూర్చుంటే కాలుతాదంట లే అక్కా," అన్నాడు. బిళ్ళ విప్పి బండివాడికి ఇచ్చాడు. ముంజేతి మీద బిళ్ళ మేర చర్మం తెల్లగా ఉంది.

బండి దాకా ఆయన ముందు నడిచాడు, నేను వెనక. దారి ఆయనకు తెలుసు. బండి మాత్రం కొత్తది. దాని దగ్గర ఆగి చెయ్యి చాచి కమ్మీ పట్టుకున్నాడు. పక్కన నేను తప్ప ఎవరూ లేరు.

"ఎన్ని మెట్లు?"

"మూడు, తాతా."

కాలు ఎత్తి మొదటి మెట్టు అంచు తడిమి, దాని మీద నిలబడ్డాడు. రెండోది తడిమి ఎక్కాడు. మూడోది తడిమి ఎక్కాడు. ఆ పైన ఇంకొకటి ఉందేమోనని గాలిలో కాలు చాచి వెతికాడు. ఏమీ తగలకపోతే లోపలికి పోయి కూర్చున్నాడు.